వందకి ముప్ఫై నాలుగు

తలుపు మూసుకుంది. తలుపుకి అవతల తొమ్మిదేళ్ళ కావేరి, ఇవతల చెక్కబెంచీ మీద కావేరి నాన్న పెద్దిరాజు, పెద్దిరాజు ఒళ్ళో నాలుగు పేజీల ఫారం. ఇది ఫారం కాదురా నాయనా, భారం, అనుకున్నాడు, అనుకుని అలవాటుకొద్దీ చుట్టూ చూశాడు ఎవరైనా నవ్వారేమోనని, వరండాలో ఎవరూ లేరు, ఉన్నా నవ్వరు, జోకు నోటిదాకా రాలేదు. పెద్దిరాజు జోకు నోటిదాకా రాకపోవడమంటే మాటలు కాదు. శాఖలో మూడో అంతస్తులో ఆయన పేల్చిన జోకుకి అయిదో అంతస్తులో అండర్ సెక్రటరీకి టీ పొలమారిన రోజులున్నాయి. అసిస్టెంటంటే ఏమిటండీ, అసలు స్టంటు లేని ఉద్యోగం అంటాడు తన గురించి తనే. సరోజినీ నగర్లో ఉండేది క్వార్టరు, మనిషిని మాత్రం ఫుల్లు అంటాడు, అంటే ఒళ్ళు, మందు ముట్టడు. అలాంటి నోట్లో ఇప్పుడు తడి లేదు. గోడ మీద గడియారం పదీ అయిదు. పదకొండింటికి ఆ తలుపు తెరుచుకుంటుంది, ఆలోగా ఇరవై ప్రశ్నలకి జవాబులు రాయాలి, ప్రశ్నలన్నీ కావేరి గురించే, జవాబులన్నీ పెద్దిరాజుకి కంఠతా వచ్చు, అదే వచ్చిన చిక్కు, రాని జవాబులైతే రాయలేదని ఎవరేమంటారు.

పక్కన పెద్ద కూలరు గుర్రుపెడుతోంది, గాలి తక్కువా గోల ఎక్కువాను, అచ్చు తనలాగే, ఏప్రిల్లోనే ఢిల్లీ ఇలా ఉంటే మేలో ఏం మిగులుతుంది, వేడి గాలికి ఫారం అంచు లేస్తోంది, ఎగిరిపోతే బాగుణ్ణు, ఎగరదు, పేపరు పిన్నులు గట్టివి. ఈ ఆర్.కె.పురం పాత బడిలో ప్రతి శనివారం తెలివైన పిల్లలకి లెక్కలూ సైన్సూ వేరేగా చెబుతారు, ఊరు మొత్తం మీద ఏడాదికి అరవైమందికి, ఒకసారి చేర్చుకున్నారంటే పన్నెండో తరగతి దాకా చెయ్యి వదలరు. ఏరుకోవడం మూడు కాగితాలు చూసి. పిల్ల రాసే పరీక్ష ఒకటి, క్లాసు టీచరు రాసే అభిప్రాయం ఒకటి, కన్నవాళ్ళు నింపే ఫారం ఒకటి. కిందటి నవంబర్లో కావేరి పేరు కూడా వెళ్ళింది, జనవరిలో తిరిగొచ్చింది, విచారిస్తున్నాం అని. వాళ్ళు విచారించింది ఒక లైను, పెద్దిరాజు విచారించింది మూడు నెలలు. టీచరమ్మ ఏం రాసిందో తరవాత తెలిసింది: మంచి పిల్ల, నోరు విప్పదు, కాస్త డల్. అవునమ్మా తల్లీ, పదకొండేళ్ళు వెయిటింగు లిస్టులో కూర్చుంటే ఇచ్చారు ఆ క్వార్టరు, అప్పుడుగా పాలకొల్లు నుంచి పెళ్ళాన్నీ పిల్లనీ తెచ్చుకున్నది, ఏడేళ్ళ దాకా తెలుగులో లెక్కపెట్టిన పిల్ల, వచ్చిన వారానికే నోటిలెక్కలు హిందీలో అడిగితే, యాభై తొమ్మిదిని ఉన్‌సఠ్ అనడమేమిటో అరవై తొమ్మిదిని ఉన్‌హత్తర్ అనడమేమిటో ఇరవయ్యేళ్ళుగా ఇక్కడుంటున్న తండ్రికే ఇప్పటికీ అంతుచిక్కదు, కూరగాయల బండి దగ్గర ఇంగ్లీషులోకి పారిపోతాడు. ఢిల్లీకొచ్చిన పిల్ల డల్లీ అయిపోయింది. మొద్దు అని రాయలేదు, అదే పదివేలు.

మరి మళ్ళీ ఎందుకు పిలిచారయ్యా అంటే, ఈ కేంద్రం నడిపే బక్షీ మేడమ్ అని ఒకావిడ, నెరిసిన జుట్టు, కాళ్ళకి మగవాళ్ళ చెప్పులు, ఇందాక తలుపు దగ్గర నిలబడి తనే చెప్పింది. కిందటి రెండేళ్ళలో ఏరిన పిల్లల పేర్లు ఓరోజు వరసగా చదివిందిట, చదివితే అన్నీ నాలుగు కాలనీల పేర్లే, ఇంట్లో హిందీయో ఇంగ్లీషో మాట్లాడేవాళ్ళే, ఊరంతటిలో తెలివి ఆ నాలుగు కాలనీల్లోనే కాసిందా అని అనుమానమొచ్చి, వద్దన్న కట్టలన్నీ దింపించింది. దింపి, మాటలు అక్కర్లేని బొమ్మల పేపరు ఒక్కటే పట్టుకుని చూసింది. కావేరికి అందులో నలభైకి ముప్ఫై ఎనిమిది. 'రాజుగారూ, పిల్ల పేపరు ఆకాశంలో ఉంది, తండ్రి ఫారం పాతాళంలో ఉంది, ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడారు, పిల్లయితే కాదు' అంది, హిందీలోనే అయినా ఈ ముక్క పెద్దిరాజుకి పూర్తిగా అర్థమైంది. అలా తేలినవాళ్ళు ముప్ఫై ఒక్కమందిట, రోజుకి ఇద్దర్ని పిలుస్తోంది, ఎవరి భాషలో వాళ్ళని అడుగుతోంది. కావేరి కోసం బేర్ సరాయ్ నుంచి ఒక తెలుగమ్మాయిని తెచ్చింది, కిరణ్మయి, సివిల్స్‌కి చదువుకుంటోంది, 'ఏం పేరమ్మా, ఏం తిన్నావు పొద్దున్న' అని ఆ పిల్ల గోదావరి యాసలో పలకరించేసరికి కావేరి తలెత్తి చూసింది. ఆ చూపు. రెండేళ్ళలో బడి అనే గుమ్మం ముందు కావేరి అలా తలెత్తడం పెద్దిరాజు చూడలేదు.

ఒకటో ప్రశ్న. మీ బిడ్డ తరచూ ప్రశ్నలు అడుగుతుందా? ఒకటి నుంచి అయిదు దాకా గళ్ళు, ఒకటి అంటే అస్సలు కాదు, అయిదు అంటే ఎప్పుడూ, కింద ఏదైనా జరిగిన సంగతి రాయడానికి రెండు లైన్లు. పెన్ను అయిదు మీదికి వెళ్ళింది. వెళ్ళి గాల్లో ఆగింది. ఆగి పెళ్ళాం అన్నపూర్ణేశ్వరి నెత్తి మీద వాలింది, ఆ నెత్తి మీద తన చెయ్యి ఉంది, ఆసుపత్రి ట్యూబులైటు వెలుతురులో, పోయిన అక్టోబర్లో. కన్నవాళ్ళు పొగిడితే ఆయుక్షీణం, ఈ మాట అమ్మ అనేది, అమ్మమ్మ అనేది, అత్తగారు అంటుంది, తను మాత్రం అందరికీ ఉన్నది దృష్టి, మనవాళ్ళకే అది దిష్టి అని జోకేసి ఆఫీసంతా నవ్వించేవాడు. నవ్వించి నవ్వించి, వినాయక చవితినాడు గుమ్మం ముందు అన్నపూర్ణ పదిహేను చుక్కల ముగ్గు వేస్తుంటే, ఎదురు చుక్క, ఒకటి వచ్చేదాకా, ఎన్ని చుక్కలయ్యాయో అని తను ఊరికే అంటే, కావేరి లెక్కపెట్టకుండా నూట పదమూడు అంది. ఎలాగే అంటే, రెండు చదరాలున్నాయి నాన్నా, ఒకటి ఎనిమిదెనిమిదులు, ఇంకోటి ఏడేడులు, దీని సందుల్లో అది కూర్చుంది అంది. తను ముగ్గు చుట్టూ గొంతుక్కూర్చుని వేలుపెట్టి లెక్కించాడు, ఊడ్చేవాడు చీపురు పట్టుకుని నవ్వుతున్నా లెక్కించాడు, నూట పదమూడే. ఇంక ఆగుతుందా ఈ నోరు. సెక్షన్లో చెప్పాడు, క్యాంటీన్లో చెప్పాడు, లిఫ్టులో ముక్కూమొహం తెలియని జాయింట్ సెక్రటరీకి చెప్పాడు, లిఫ్టు దిగేలోపు అయిపోకపోతే ఆయన అంతస్తు దాకా వెళ్ళి మరీ చెప్పాడు. నెల తిరక్కుండా జ్వరం. ఆ ఏడు ఢిల్లీ అంతా అదే జ్వరం, దోమకి తెలుగూ హిందీ తేడా లేదు, కానీ ఆ మాట ఆ రాత్రి ఎవరు చెప్పినా అన్నపూర్ణ వినేదా. ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకి పడిపోయాయన్నారు. ప్లేటు తెలుసు, టూలెట్టు తెలుసు, ఈ ప్లేట్‌లెట్టేమిటమ్మా అని నర్సుతో అనబోయి, అన్నపూర్ణ మొహం చూసి మింగేశాడు, మింగిన మొదటి జోకు అదే. 'ఇంకెప్పుడూ దాన్ని పొగడనని నా నెత్తి మీద చెయ్యేసి చెప్పండి,' అంది. వేశాడు. మూడోరోజుకి పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. దోమ వల్ల వచ్చిందో నోటి వల్ల వచ్చిందో, ఒట్టు వల్ల పోయిందో సెలైను వల్ల పోయిందో, పెద్దిరాజు అడగదలచుకోలేదు. కొన్ని ఫైళ్ళు తెరవకూడదు.

ఆ వెంటనే నవంబర్లో ఈ ఫారం. భోజనాల బల్లకి ఇటు తనూ అన్నపూర్ణా, అటు కావేరి, హోంవర్కు చేసుకుంటూ. 'అయిదు వద్దండీ, నాలుగూ వద్దు, రెండెయ్యండి, రెండు చాలు, పరీక్ష అది బాగానే రాస్తుందిగా, మన కాగితం ఎవడు చూస్తాడు,' అని అన్నపూర్ణ గుసగుసగా, దేవుడికి కూడా వినపడకుండా. సగటు, సగటు అని రాసుకుంటూ పోయి పిల్లని సగం చేశారు ఇద్దరూ కలిసి. పద్నాలుగు రెండ్లు, ఆరు ఒకట్లు. తను ఇంకా కూడనే లేదు, బల్లకి అటునుంచి, కాగితం తలకిందులుగా కనపడుతుండగా, 'ముప్ఫై నాలుగా నాన్నా' అంది కావేరి. పాసు మార్కుకి ఒకటి తక్కువ. చదివింది అన్నమాట, అన్నీ చదివింది. పడుకోబోయే ముందు వచ్చి మంచం కోడు పట్టుకుని నిలబడింది: 'నాన్నా, నేను ప్రశ్నలు అడగనా?' అడుగుతావులేవే, పడుకో, అన్నాడు తను, ఇంకేమంటాడు, అన్నపూర్ణ అక్కడే దుప్పటి మడతపెడుతోంది. అంతే, అదే ఆఖరి ప్రశ్న. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి. బస్సెక్కితే, ఈ బస్సుకి ఆ నంబరు ఎందుకు, దానికి ముందు నంబరు బస్సు ఎక్కడికి పోతుంది అని కండక్టరుని కూడా వదలని పిల్ల, ఇప్పుడు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. టీచరమ్మ డల్ అనడానికి రెండేళ్ళు పట్టింది, కన్నతండ్రి నమ్మించడానికి ఒక్క పూట పట్టింది. వాళ్ళది కొలత తప్పు. తనది కొలత తెలిసి వేసిన తూకం తప్పు. ఇదిగో ఇప్పుడు మళ్ళీ కొత్త ఫారం, మళ్ళీ అవే ప్రశ్నలు, ఈసారి నిజం రాస్తే అన్నపూర్ణ నెత్తి, రాయకపోతే కావేరి తల. ఇటు నెత్తి అటు తల, మధ్యన పెద్దిరాజు బుర్ర. పదీ పద్దెనిమిది. సెకన్ల ముల్లు గడియారంలో తిరుగుతోందా గుండెలో తిరుగుతోందా.

'ఈ కూలరుకి గడ్డి మార్చి ఎన్నాళ్ళయిందో,' అన్నారెవరో హిందీలో. బెంచీకి ఆ చివర ఒకాయన, సన్నగా, గళ్ళ లుంగీ కాదు ప్యాంటే, చొక్కా భుజాల మీద తెల్లటి నూగు, ఎప్పుడొచ్చి కూర్చున్నాడో. లేచి కూలరు వెనక్కి వెళ్ళి ఏదో గొట్టం కదిపాడు, కదపగానే గుర్రు తగ్గి చల్లగాలి, తడి వట్టివేళ్ళ వాసన, ఆ వాసనకి పెద్దిరాజు మెడ వెనక చెమట ఒక్కసారి చల్లబడింది. పేరు శంషాద్ మన్సూరీ, సీలంపూర్ నుంచి. చలికాలం రజాయిలకి దూది ఏకుతాడు, ఎండాకాలం కూలర్లు బాగుచేస్తాడు. ఆహా, మా వైపు దూదేకుల సాయిబులంటాం అన్నాడు పెద్దిరాజు, అన్నాక ఇంకేదో అందామనుకున్నాడు, పెద్దిరాజు హిందీలో ఆడా మగా ఉండదు, కుర్చీ వస్తాడు, గోడ పోతాడు, అర్థం చేసుకునేవాళ్ళు చేసుకుంటారు. శంషాద్ చేసుకున్నాడు. కూతురు నిఖత్ పక్కగదిలో ఉందిట, పదేళ్ళు, ఉర్దూ బడి. 'మా ఫారానికి పోయినసారి సున్నా వచ్చింది భాయ్‌సాబ్,' అన్నాడు, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేనట్టు, 'అంతా అంగ్రేజీలో ఉంది, సంతకం ఎక్కడ పెట్టాలో ఒకటే తెలిసింది, పెట్టి పంపించాను.' అంటూ ఈసారి ఫారం చాపాడు, చదివి పెడతారా అని. పెద్దిరాజుకి ప్రాణం లేచొచ్చింది. ప్రభుత్వోద్యోగికి తన ఫైలు నుంచి తప్పించుకోవడానికి పక్కవాడి ఫైలుని మించిన ఆశ్రయం లేదు.

మీ బిడ్డ తరచూ ప్రశ్నలు అడుగుతుందా? 'అరే, బుర్ర తినేస్తుంది, మాషా అల్లా.' అయిదు. తనంతట తను కొత్త పద్ధతి ఏదైనా కనిపెట్టిందా? శంషాద్ బెంచీ మీద ఇంకాస్త ఇటు జరిగాడు. కూలరు గొట్టానికి బెజ్జాలు పెడతారు కదా, నీళ్ళు కారడానికి, అన్నీ ఒకే సైజు పెడితే పంపు దగ్గర గడ్డి తడుస్తుంది, చివరి గడ్డి ఎండిపోతుంది, ఇరవయ్యేళ్ళుగా తనదీ అదే పద్ధతి, వాళ్ళ నాన్నదీ అదే. నిఖత్ ఒకరోజు మేకు ఎర్రగా కాల్చి, దగ్గరవి చిన్నవి, దూరం పోయేకొద్దీ పెద్దవి పెట్టింది. మూడు పక్కలా ఒక్కలాగే తడిసింది. ఇప్పుడు గల్లీలో అందరూ అలాగే పెడుతున్నారు. 'మాషా అల్లా' అన్నాడు మళ్ళీ, ఊపిరి తీసినంత తేలిగ్గా. ఆ బెజ్జాల సంగతి ఇంగ్లీషులో రాస్తుంటే పెద్దిరాజుకి చెయ్యి ఆగలేదు, రెండు లైన్లు చాల్లేదు, అంచుల్లోకి ఎక్కింది, అయిదు, అయిదు, ఇంకో అయిదు, పరాయిపిల్లని పొగడ్డంలో ఎంత హాయి ఉందిరా భగవంతుడా, దోమలు కూడా కుట్టవు. అడగకుండా ఉండలేకపోయాడు. మరి నజర్? మీకు నజర్ భయం లేదా? 'లేకపోవడమేం భాయ్‌సాబ్, అందుకేగా ప్రతిసారీ మాషా అల్లా అంటున్నది. ఇచ్చినవాడి పేరు చెబితే వస్తువుకి దిష్టి తగలదు. మీవాళ్ళేమీ అనరా?' అంటారు, శ్రీరామరక్ష అంటారు, అమ్మ అనేది పిల్లకి నీళ్ళు పోసి నెత్తి తుడుస్తూ, శ్రీరామరక్ష నూరేళ్ళాయుష్షు, తను ఆ రక్ష మరిచిపోయి ఉత్త పొగడ్త ఒకటే పట్టుకుని లిఫ్టులెక్కాడు. హెల్మెట్టు లేకుండా స్కూటరు నడిపినట్టు.

శంషాద్ చూపు పెద్దిరాజు ఫారం మీద పడింది. 'మీదింకా ఖాళీగా ఉందే?' పదీ ముప్ఫై మూడు. ఎలా చెప్పడం, హిందీలో ఒట్టుని ఏమంటారు, కసమ్, వాళ్ళు ఒట్టు వెయ్యరు తింటారు, పెళ్ళాం నెత్తి మీద కసమ్ ఖాయా అన్నాడు, ఖాయా కాదు ఖాయీ అయ్యుంటుంది, తిన్నవాడికి తెలియదా ఎంత చేదో. జ్వరం సంగతి చెప్పాడు. ముప్ఫై నాలుగు సంగతి చెప్పాడు. మంచం కోడు పట్టుకుని పిల్ల అడిగిన సంగతికి వచ్చేసరికి దగ్గాడు, కూలరు గాలి మీదికి నెట్టాడు. శంషాద్ నవ్వలేదు. ఓదార్చనూలేదు. బెజ్జం ఎక్కడ పూడుకుపోయిందో చూసేవాడిలా కాసేపు నేలకేసి చూశాడు. 'కసమ్ ఏమని? పొగడనని. అంతేనా? జరిగింది చెప్పనని కాదు కదా?' కాదు. 'అయితే మీరు పొగడకండి. ఏం జరిగిందో చెప్పండి చాలు. నంబరు నేను వేస్తాను. అయిదు దాకా నాకు వచ్చు. పాపం వస్తే నాకు, మాషా అల్లా వస్తే మీకు.' పెద్దిరాజు పెన్ను ఇచ్చేశాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇంత చక్కటి రూలింగు ఏ లా సెక్రటరీ ఇవ్వలేదు. ఏకులా వచ్చి మేకవడం అందరూ చూసిందే, ఏకులా వచ్చి ఏకమైపోవడం ఇప్పుడే చూస్తున్నాను, అనుకున్నాడు, ఇది హిందీలో చెప్పలేకపోవడం ఆ గంటలో ఆయన పడ్డ అన్ని కష్టాల్లోకీ ఓ కష్టం.

ఇక చెప్పాడు, చెప్పింది తనే పెన్ను తీసుకుని లైన్లలో రాసి, గళ్ళ దగ్గర మళ్ళీ ఆయనకిస్తూ. ఆరు నెలలుగా కట్టేసిన నోరు, గేట్లెత్తితే ఏమవుతుంది, కావేరి కాదు గోదావరే వచ్చింది. ముగ్గు చెప్పాడు, ఫారం వెనక చుక్కలు పెట్టి చూపిస్తే, దూది ఏకే చేతివేళ్ళతో శంషాద్ ఆ రెండు చదరాల్నీ తడిమి చూసి, అచ్ఛా అని గట్టిగా ఊపిరి వదిలి, అయిదు. మార్కెట్లో చొక్కాల కొట్టు చెప్పాడు, అమ్మ బేరమాడుతున్నంతసేపూ ఊరికే నిలబడ్డ పిల్ల, దుకాణంవాడు సైజుకో రంగు హ్యాంగరు వాడుతున్నాడని కనిపెట్టి, భయ్యా, ఇదీ ఇదీ తప్పు రంగుకి వేశారు అని వచ్చీరాని హిందీలో చూపిస్తే, వాడు తీసి చూసుకుని మారు మాట్లాడకుండా మార్చుకున్న సంగతి, అయిదు. ఉన్‌సఠ్, ఉన్‌హత్తర్లకి బళ్ళో సున్నా తెచ్చుకుని, వారం తిరక్కుండా, ఇవన్నీ తరవాతి పదికి ఒకటి తక్కువని చెప్పే పేర్లు నాన్నా, ఎనభై తొమ్మిదీ తొంభై తొమ్మిదీ మాత్రం మాట వినవు అని తండ్రికి పాఠం చెప్పిన సంగతి. 'ఇది నాకే తెలీదే,' అన్నాడు శంషాద్, పుట్టినప్పటి నుంచి ఆ అంకెలే లెక్కపెడుతున్నవాడు, వేళ్ళ మీద సరిచూసుకుని అయిదు. తన వస్తువులు తను సర్దుకుంటుందా? పెద్దిరాజు ఆగాడు. ఒక సాక్సు ఫ్రిజ్జు మీద దొరుకుతుంది, రెండోది దొరకదు. ఒకటి వేశాడు శంషాద్, తడుముకోకుండా. ఓడిపోతే ఒప్పుకుంటుందా? పచ్చీసు ఆటలో గవ్వలు మంచం కిందికి విసిరికొట్టింది. రెండు. 'అన్నీ అయిదు వేస్తే మేడమ్ నమ్మదు, పైగా అబద్ధం కూడా,' అన్నాడు, ఇంకో రెంటికి నాలుగు వేసి. మధ్యలో ఎక్కడో పెద్దిరాజు గమనించాడు, తను లేచి నిలబడి చెబుతున్నాడు, చేతులూపుతున్నాడు, జోకులు వేస్తున్నాడు, ఆడా మగా కలగాపులగమైన హిందీలో, వరండా చివర ప్యూను స్టూలు మీంచి ఇటు తిరిగి మరీ వింటున్నాడు. కడుపులో అయిదు నెలలుగా గడ్డకట్టిందేదో దూదిలా ఏకుతున్నట్టు విడిపోతోంది, పోగులు పోగులుగా, తేలిగ్గా.

ఇంతలో తలుపు తెరుచుకుంది, పదకొండు కాలేదు, పదీ యాభై. ముందే పంపేశారంటే చేతకాక పంపేశారా. ముందు కిరణ్మయి వచ్చింది, చున్నీతో మొహం తుడుచుకుంటూ, 'బాబాయిగారూ, గంట పేపరు నలభై నిమిషాలకే ముగించింది, మిగతా టైమంతా నన్ను తిరిగి పరీక్ష పెట్టింది, ఈ ప్రశ్న ఇలా ఎందుకడిగారు, దీనికి రెండు జవాబులు రావచ్చు కదా అని. నా ప్రిలిమ్స్ నయం.' పెద్దిరాజు ఆ మాటని చెవితో కాక ఒంటితో విన్నాడు. అడిగిందిట. తెలుగులో అడిగితే తెలుగులో అడిగిందిట. ఆ వెనకే కావేరి, కావేరి వెనక పక్కగదిలోంచి రెండు జడల నిఖత్, ఇద్దరూ ఏ బొమ్మ గురించో, ఇటు తిప్పాలని ఒకరు అటు తిప్పాలని ఒకరు, ఒకరు ఉర్దూలో ఒకరు తెలుగులో, చేతులు మాత్రం ఒకే భాషలో తిప్పుకుంటూ. బక్షీ మేడమ్ రెండు ఫారాలూ తీసుకుంది, తిప్పి చూసింది, కళ్ళజోడు పైకెత్తి చూసింది. కావేరి ఫారంలో రాత ఒకరిది టిక్కులు ఒకరివి, ఇదేమిటి అంది. అయిపోయింది, అనుకున్నాడు పెద్దిరాజు, రూల్సు, ఇద్దరి చేతిరాతలున్న ఫారం ఏ ఆఫీసులో చెల్లుతుంది. జరిగింది శంషాదే చెప్పాడు, మూడు ముక్కల్లో. ఆవిడ ఆ సర్దుకోవడం దగ్గరి ఒకటినీ, గవ్వల రెండునీ చూసి, ముగ్గు చుక్కలున్న వెనకవైపు ఇంకాసేపు చూసి, 'నాలుగేళ్ళుగా ఈ ఫారాలు చదువుతున్నాను, పిల్ల ఎలా ఉంటుందో మొదటిసారి కనపడింది,' అంది. లోపలికి వెళ్ళి కిరణ్మయి ఇచ్చిన కాగితాలూ నిఖత్ కాగితాలూ కూడి, గుమ్మంలోంచే చెప్పింది. 'జులై మొదటి శనివారం, తొమ్మిదింటికి. ఇద్దరూనూ.'

శంషాద్ కళ్ళు మూసుకుని అరచేతులు మొహానికి రాసుకున్నాడు. పెద్దిరాజు బెంచీ మీద కూర్చున్నాడు, కూర్చుంటే గాలి తగిలింది, ఇంత మంచి కూలరు ఢిల్లీలో ఎక్కడా లేదనిపించింది. కావేరి పక్కన చేరింది, మేడమ్ చేతిలో ఫారం ఇందాకే చూసినట్టుంది, ఎంతసేపు చూసిందో, దానికి ఎంతసేపు కావాలి. 'తొంభై ఒకటి,' అంది. 'అంకుల్ వేశారు.' అవునమ్మా. 'అంకుల్‌కి నేను తెలీదుగా.' నేను చెప్పాను, ఆయన వేశాడు. కావేరి బెంచీ అంచు గోటితో గీకింది. తరవాత, అయిదు నెలలకి, నాన్నని మొదటి ప్రశ్న అడిగింది: 'నువ్వయితే ఎంతేస్తావు నాన్నా?'

ఒక్క నిమిషం తల్లీ, అని పెద్దిరాజు జేబులోంచి సెల్లు తీసి ఇంటికి కొట్టాడు. మొదటి రింగుకే ఎత్తింది అన్నపూర్ణ, చేత్తో పట్టుకునే కూర్చున్నట్టుంది. 'వచ్చిందే పూర్ణా. సీటొచ్చింది.' అటునుంచి ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినపడింది. తరవాత, భయంగా, 'ఫారం?'

'నేను వెయ్యలేదే, నీ మీద ఒట్టు,' అనేసి నాలిక కరుచుకున్నాడు. 'ఇక్కడ శంషాద్‌గారని ఒకాయన వేశాడు. నేను జరిగింది చెప్పానంతే. ఇప్పుడు ఇది నా పక్కన నిలబడి నువ్వయితే ఎంతేస్తావని అడుగుతోంది. ఏం చెప్పను? ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే, నీకు పుణ్యముంటుంది.'

అటు కుక్కరు కూసింది. 'పెట్టేశాను,' అంది అన్నపూర్ణ, గొంతు జీరబోయి. 'చెప్పండి దానికి. శ్రీరామరక్ష అనుకుని మరీ చెప్పండి.' ఫోను పెట్టెయ్యబోతోందనుకున్నాడు, పెట్టలేదు. 'ఇంతకీ ఆయనెవరో ఎంతేశాడు?'

'తొంభై ఒకటి.'

'తొంభై ఒకటా?' జీర పోయింది, పాలకొల్లు వచ్చేసింది. 'ఆ తొమ్మిదీ ఎందుకు తగ్గించాడండీ? ఏం తక్కువని నా పిల్లకి? ఆయనక్కడే ఉన్నాడా? ఉంటే ఫోనివ్వండి, నేనడుగుతాను.'